శిఖరం, ఫలం, పతాక: ‘కల్మినేట్’ అనే ఇంగ్లీషు మాటకు కృష్ణా డెల్టా వాడుకలు

తెలుగు దినపత్రికల సినిమా పేజీల్లో ‘పతాక సన్నివేశాలు’ అనే మాట నిత్యం కనిపిస్తుంది. చిత్రం చివరి ఘట్టాన్ని, ఇంగ్లీషులో క్లైమాక్స్ అనేదాన్ని, అది సూచిస్తుంది. అదే పాఠకుడు నాట్యశాస్త్రమో దశరూపకమో తెరిస్తే అక్కడ ‘పతాక’ చివరి ఘట్టం కాదు. చివరి ఘట్టం రాకముందే ముగిసిపోవలసిన ఉపకథ. ఒకే మాట రెండు చోట్ల దాదాపు ఎదురెదురు అర్థాల్లో నిలబడింది. దీనిని పాత్రికేయుల అజ్ఞానమని కొట్టిపారేయడం సులభమే గాని న్యాయం కాదు. కల్మినేట్, క్లైమాక్స్, జెనిత్ వంటి ఇంగ్లీషు మాటలు కలిసి చేసే పనిని తెలుగులో ఏ మాటకు అప్పగించాలన్న ప్రశ్న ఇప్పటికీ తేలకపోవడమే దానికి అసలు కారణం.

ఇంగ్లీషులో ఒక విషయం ‘కల్మినేట్’ అయిందంటే అందులో మూడు సంగతులు ఒకేసారి ఇమిడి ఉంటాయి. అది అంతకంతకు పెరిగింది. చేరగలిగినంత ఎత్తుకు చేరింది. ఆ ఎత్తున ఏదో ఒక ఫలితంగా స్థిరపడి ముగిసింది. తెలుగు ఈ మూడింటినీ ఒక మాటలో కట్టిపెట్టదు. ఎత్తుకు శిఖరం, హద్దుకు పరాకాష్ఠ, చివరికి చేతికి దక్కేదానికి ఫలం. ఈ విభజన కృష్ణా డెల్టా వ్యవహారంలో ఎలా పనిచేసిందో, ముఖ్యంగా విజయవాడ నుంచి బందరు రోడ్డు వెంట కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు మీదుగా కూచిపూడి, మచిలీపట్నం దాకా ఉన్న ప్రాంతపు సేద్యంలో, రంగస్థలం మీద, పత్రికల్లో ఎలా కనిపిస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. అనువాదకుడు గాని చరిత్రకారుడు గాని ఈ మూడింటిలో ఒకదాన్ని ఎంచుకున్న ప్రతిసారీ తనకు తెలియకుండానే ఒక చారిత్రక తీర్పు చెబుతున్నాడన్నది ఇక్కడి ప్రతిపాదన.

కొప్పు, నిచ్చెన, నడినెత్తి

‘కల్మినేట్’కు మూలం లాటిన్ భాషలోని ‘కుల్మెన్’. ఇంటికప్పు రెండు వాలులూ కలిసే కొప్పు అని దాని అర్థం. దాని నుంచే శిఖరమనే అర్థం వచ్చింది. 17వ శతాబ్దిలో ఈ మాట ఇంగ్లీషులోకి ఖగోళ పరిభాషగా ప్రవేశించింది. నక్షత్రమో గ్రహమో యామ్యోత్తర రేఖను దాటుతూ తన దినగమనంలో అత్యున్నత స్థానానికి చేరడమే కల్మినేట్ కావడం. ఆ స్థానంలో జ్యోతి ఆగదు. మరుక్షణమే పడమటికి వాలడం మొదలవుతుంది. మాట లోకవ్యవహారంలోకి దిగిన తరువాత ఈ వాలు మరుగునపడి, చేరుకోవడం, ముగియడం మాత్రమే మిగిలాయి. ఖగోళంలో ముగింపు కానిది చరిత్రరచనలో ముగింపు అయింది.

‘క్లైమాక్స్’ కథ ఇంకా విచిత్రం. గ్రీకులో ఆ మాటకు నిచ్చెన అని అర్థం. ముందరి వాక్యపు చివరి మాటను అందుకొని తరువాతి వాక్యం మరో మెట్టు పైకి పోయే అలంకారానికి అది పేరు. 1589లో ఇంగ్లీషు కవిత్వకళ మీద వెలువడిన గ్రంథంలో జార్జి పట్టెన్‌హామ్ దీనిని నడక అలంకారమని, ఎక్కే అలంకారమని వివరించాడు. నిచ్చెన అంటే అన్ని మెట్లూ. క్రమంగా ఇంగ్లీషు వాడుకలో చివరి మెట్టుకే ఆ పేరు దక్కింది. మన ఆలంకారికులు ఇలాంటి ఉత్తరోత్తర ఉత్కర్షకు ‘సారం’ అని పేరు పెట్టారు. నిజానికి మాటను మాట అందుకొనే గ్రీకు పద్ధతికి కారణమాల, ఏకావళి దగ్గర చుట్టాలు. క్లైమాక్సుకు వచ్చిన తరువాతి అర్థానికి సారాలంకారం దగ్గర. అక్కడ ఊహ ఎక్కడానికి సంబంధించింది, ఇక్కడ వడపోతకు సంబంధించింది.

ఆకాశం నుంచి తెలుగు కూడా మాటలు తెచ్చుకుంది. సూర్యుడు యామ్యోత్తర రేఖ మీదికి వచ్చే వేళకు ‘మిట్టమధ్యాహ్నం’ అన్న మాట ఉంది. మిట్ట అంటే ఎత్తైన నేల. పగటికి అది మిట్ట, తరువాత పల్లం. ‘నడినెత్తి మీద పొద్దు’ అనడంలో ఎత్తు కొలత మనిషి తల నుంచి మొదలవుతుంది. ‘ఉచ్చస్థితి’ వేరే దారిలో వచ్చింది. అది జ్యోతిష పరిభాష. దినగమనంలోని ఎత్తును కాక రాశిచక్రంలోని స్థానాన్ని చెబుతుంది. రవికి మేషంలో 10వ భాగం పరమోచ్చ. ఉచ్చకు సరిగ్గా ఏడవ రాశిలో నీచ. కనుక ఒకరి కీర్తి ఉచ్చస్థితిలో ఉందని రాసినప్పుడు, రాసినవారు తలచినా తలచకపోయినా, దిగవలసిన చోటు కూడా ఆ మాటలోనే ఉంది.

ఇక ‘పరాకాష్ఠ’. దీని ఉత్తరపదం కట్టె అనే అర్థమున్న నపుంసకలింగ ‘కాష్ఠం’ కాదు, స్త్రీలింగమైన ‘కాష్ఠా’. అమరకోశం నానార్థవర్గం దీనికి ఉత్కర్ష, మర్యాద, దిక్కు అనే అర్థాలు చెప్పింది. పద్దెనిమిది నిమేషాల కాలానికి కూడా కాష్ఠ అని పేరు. పందెపు గుర్రాలు చేరవలసిన గురుతు అనే వైదికార్థం మరింత పాతది. కఠోపనిషత్తు పురుషుడికి ఆవల ఇంకేదీ లేదని చెప్పేచోట ఈ మాటనే వాడింది. అంటే పరాకాష్ఠ మొదటినుంచీ ఎత్తును చెప్పే మాట కాదు, హద్దును చెప్పే మాట. దాని తరువాత ఏదీ లేదు. అక్కడ ఏదో దక్కుతుందన్న పూచీ కూడా లేదు. నేటి పత్రికల్లో ఇది నిర్లక్ష్యానికో దౌర్జన్యానికో జతపడి ఎక్కువగా కనిపించడానికి కారణం ఈ హద్దు అనే అర్థమే కావచ్చు. మంచికి శిఖరమంటారు, చెడ్డకు పరాకాష్ఠ అంటారు. భక్తికి మాత్రం రెండూ చెల్లుతున్నాయి. (‘పరాకాష్ట’ అని ఒత్తు తీసి రాసే అలవాటు అచ్చులో ఎంత స్థిరపడినా అది సాధురూపం కాదు.)

కంకి, వెన్ను

ప్రకాశం బ్యారేజీ దగ్గర ఇంద్రకీలాద్రిని దాటితే సముద్రం దాకా చెప్పుకోదగిన కొండ లేదు. కంకిపాడు ప్రాంతపు రైతుకు ఎత్తు అంటే కాలువగట్టు, గుడి గోపురం, గడ్డివామి. 1855లో కృష్ణా ఆనకట్ట పూర్తయి కాలువలు పారిన తరువాత ఈ నేలలో విలువ పల్లానికి వచ్చింది. నీరు పల్లమెరుగు అన్న సామెత ఇక్కడ సేద్యపు లెక్క. నీరెక్కని మెరకచెక్క రైతుకు బెడద. దాన్ని తవ్వి చదును చేయించుకుంటాడు. ఎత్తుకు చేరడం గొప్పతనమన్న ఊహ ఇటువంటి నేలలో సహజంగా పుట్టదు.

అయితే ఈ నేలకు తనదైన ‘కుల్మెన్’ ఉంది. అది ఈ ఊరిపేరులోనే వినిపిస్తుంది. పేరు పుట్టుక మాట ఎలా ఉన్నా, కంకి అనే మాటలో ఎత్తు, ఫలం రెండూ కలిసే ఉన్నాయి. పైరుకు కంకి కొన, ఫలం కూడా అదే. దీనికి పర్యాయమైన ‘వెన్ను’ మరీ విశేషం. వరి వెన్ను తీసిందంటే కంకి పైకి వచ్చిందని. మనిషికి వెన్ను వీపు నడుమ ఎముక. ఇంటి కొప్పున పొడవునా వేసే దూలం వెన్నుగాడి. లాటిన్ రైతు ఇంటికప్పులో చూసిన ఊహను తెలుగు రైతు కప్పులోనూ చేలోనూ చూశాడు. ‘కల్మినేట్’కు ధాత్వర్థంలో ఇంత దగ్గరగా వచ్చే దేశిపదం మరొకటి లేదు. నిఘంటుకర్తలు సంస్కృతం వైపు చూడడం వల్ల అది వారి దృష్టికి రాలేదు.

వరి దశలకు డెల్టాలో ఉన్న పేర్లు గమనించదగినవి. నారు, నాటు, పిలక, చిరుపొట్ట, పొట్ట, ఈనిక, పాలుపోసుకోవడం, గింజ గట్టిపడడం, కోత, కుప్ప, నూర్పు. ఇందులో ఎత్తైన దశ ఏది? కంకి నిటారుగా నిలబడ్డప్పుడు అందులో గింజ లేదు. గింజ నిండేకొద్దీ అది వంగుతుంది. చివరిదాకా తలెత్తుకొని నిలబడేది తాలుకంకి. పైరు ఎత్తు ఒక రోజున, ఫలం మరొక రోజున. వంగిన తరువాత కూడా పని పూర్తి కాలేదు. రైతు ‘పంట పండింది’ అనడానికీ ‘పంట చేతికొచ్చింది’ అనడానికీ మధ్య కొన్ని వారాలుంటాయి. ఆ వారాలు సరిగ్గా తుపానుల కాలంలో పడతాయి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వచ్చింది కోతల ముంగిట. వేలమంది ప్రాణాలతో పాటు పండిన చేలు పోయాయి. ఆ ఏడు పైరు తన పరిపాకానికి చేరింది, చేతికి రాలేదు. ‘నోటికాడి కూడు’ అనే నుడికారంలో ఉన్నది ఈ దూరమే. ఎత్తుకు చేరడమూ దక్కడమూ ఒకటేనని చెప్పే మాట డెల్టా రైతుకు అబద్ధంగా వినిపించడానికి తగినంత కారణం ఉంది.

నది విషయంలో శిఖరం మరో రకంగా తెలుస్తుంది. 2009 అక్టోబరులోనూ 2024 సెప్టెంబరు 2నా ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. 2024లో అది 11.43 లక్షలు. మొదటి హెచ్చరిక, రెండో హెచ్చరిక అని ముందుగా నిర్ణయించిన గుర్తులున్నాయి గాని, వరద ‘ఇదే గరిష్ఠం’ అని చెప్పే గుర్తు ఏదీ ఉండదు. పోటెత్తింది, నిలకడగా ఉంది, తగ్గుముఖం పట్టింది అనే వరుసలో మూడవ మాట వచ్చిన తరువాతే రెండవది శిఖరమని తెలుస్తుంది. శిఖరం ఎప్పుడూ వెనుదిరిగి చూసి చెప్పేదే. చరిత్రకారుడి స్థితి కూడా ఇదే.

బీజం నుంచి ఫలం దాకా

నాటకలక్షణం చెప్పిన మన శాస్త్రకారులు కథను కొండగా ఊహించలేదు. వారి పరిభాష నేలది, నీటిది: బీజం, బిందువు, ఫలం. చల్లిన విత్తు కనీకనబడకుండా ఉండి, నీటి మీద నూనెబొట్టులా పరచుకొని, చివరికి ఫలంగా అందుతుంది. నాయకుడి కార్యానికి అయిదు అవస్థలు: ఆరంభం, యత్నం, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమం. వీటికి అనుగుణంగా ముఖ, ప్రతిముఖ, గర్భ, విమర్శ, నిర్వహణ సంధులు. కాకతీయ ప్రతాపరుద్రుని ఆస్థానంలో విద్యానాథుడు ఈ లక్షణాలన్నిటికీ ఉదాహరణగా తన అలంకారగ్రంథంలోనే ఒక నాటకం రచించి చేర్చాడు. ఆధునిక పాఠకులకు నాట్యశాస్త్రాన్ని తెలుగులో అందించిన పోణంగి శ్రీరామ అప్పారావు గ్రంథానికి 1960లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. కనుక ఈ పరిభాష తెలుగువారికి అందుబాటులో లేనిదేమీ కాదు.

ఇందులో క్లైమాక్స్ ఎక్కడ ఉంది? పోల్చి చూసేవారు సాధారణంగా గర్భసంధిని చూపుతారు. 1863లో జర్మన్ రచయిత గుస్తావ్ ఫ్రైటాగ్ నాటకాన్ని గోపురం ఆకారంలో గీసి, శిఖరాన్ని నడిమి అంకంలో పెట్టాడు. ఆ లెక్కన గర్భసంధి సరిపోతుంది. కానీ తెలుగులో క్లైమాక్స్ అంటే చివరి ఘట్టమన్న అర్థమే నిలిచింది. అప్పుడు దానికి నిర్వహణసంధి సరిపోవాలి. నిర్వహణలో ఉద్వేగపు ఎత్తు ముఖ్యం కాదు. చెదిరిన బీజాలన్నీ ఒకచోట చేరి ఫలించడం ముఖ్యం. రెంటికీ ముడి పడకపోవడం శాస్త్రం లోపం కాదు, ప్రశ్న లోపం. ఎక్కడాన్ని వెతికే ప్రశ్నకు పండించడం జవాబు కాలేదు.

పతాక విషయంలో నియమం స్పష్టం. ప్రధానకథకు తోడుగా దూరం నడిచే ఉపకథ పతాక. కొంచెం దూరమే నడిచేది ప్రకరి. రామకథలో సుగ్రీవుడిది పతాక, శబరిది ప్రకరి. జెండా రథికుణ్ణి గుర్తింపజేసినట్లు ఈ ఉపకథ నాయకుడికి ఉపకరిస్తుంది గనుక ఆ పేరు. అది గర్భసంధి దాకానో విమర్శసంధి దాకానో నడిచి ఆగిపోవాలని భరతుడు విధించాడు. అంటే ఆఖరి సంధిలో పతాకకు చోటే లేదు. కూచిపూడి నేర్చుకొనే పిల్లలకైతే పతాకం మొట్టమొదటి హస్తం. అసంయుత హస్తాల పాఠం అక్కడే మొదలవుతుంది.

తెర మీద జడ, రాయబారం, మాభూమి

కంకిపాడు నుంచి పామర్రు దాటి కుడివైపు మళ్లితే కూచిపూడి. సిద్ధేంద్రయోగి పేరున ప్రసిద్ధమైన భామాకలాపాన్ని ‘క్లైమాక్స్ లేని’ ప్రదర్శనగా చెప్పడం ఆధునిక విమర్శలో వినిపించే మాట. సత్యభామకు శ్రీకృష్ణుడి మీద అలుక, విరహం, మాధవితో లేఖ పంపడం, చివరికి సమాగమం. కథ ఎలా ముగుస్తుందో తెలియని ప్రేక్షకుడు ఆ ఊళ్లో ఎన్నడూ లేడు. ప్రేక్షకుడు ఎదురుచూసేది సమాగమాన్ని కాదు, ప్రవేశాన్ని. తెర వెనుక నుంచి సత్యభామ జడను తెర మీదుగా ఇవతలికి వేయడం, ఆ తరువాత ప్రవేశదరువు: ఇది ప్రదర్శనకు నెత్తి. వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామగా వచ్చినప్పుడు జనం ఊపిరి బిగబట్టింది ఆ ఘడియలోనే. ఇక్కడ శిఖరం మొదట ఉంది, ఫలం చివర ఉంది. నడుమ ఉన్నదంతా వాలు కాదు, విస్తరణ. నిచ్చెన కొలతతో చూసినవారికి ఇది తలకిందులుగా కనిపిస్తుంది. వెన్నుతీసిన పైరు క్రమంగా బరువెక్కి వంగే తీరుతో పోల్చితే ఇందులో అసహజం ఏమీ లేదు.

పద్యనాటకం మరో సాక్ష్యం. తిరుపతి వెంకట కవుల పాండవోద్యోగ విజయాల్లో డెల్టా గ్రామాలు ఎక్కువగా ఎంచుకొని ఆడించుకున్నది శ్రీకృష్ణ రాయబారం. యుద్ధం, విజయం తరువాతి నాటకంలో ఉన్నాయి. అవి లేకుండానే రాత్రి పూర్తవుతుంది. ఉద్యోగపర్వపు ఫలం సంధి అనుకుంటే ఆ సంధి విఫలమయింది. అయినా ప్రేక్షకుడు నిండుగా ఇంటికి పోతాడు. ఎత్తు ఇక్కడ కథలో లేదు, పద్యంలో ఉంది. సభలో కృష్ణుడు అర్జునుని కపిధ్వజాన్ని వర్ణిస్తూ కౌరవులను హెచ్చరించే పద్యం ముగియగానే ‘వన్స్ మోర్’ కేక లేస్తుంది. నటుడు మళ్లీ మొదటినుంచి రాగం తీస్తాడు. ‘వన్స్ మోర్’ అన్నది నిచ్చెన సిద్ధాంతానికి పొసగని మాట. పై మెట్టు ఎక్కినవాణ్ణి దిగి మళ్లీ ఎక్కమనడం కథాగమనానికి భంగం. ఎత్తు కథకు చెందినది కాదు గనుక ఇక్కడ భంగం కలగలేదు. ఆ ఎత్తున నిజంగా ఒక జెండా ఉండడం కాకతాళీయమే అయినా, పతాక అనే మాటకు జనం చెవిలో ఎలాంటి ఉద్వేగం అంటిపెట్టుకొని ఉందో ఊహించడానికి పనికివస్తుంది.

పాత చట్రానికి నిజంగా లొంగని నాటకం 1947లో వచ్చింది. కంకిపాడుకు పొరుగున ఉన్న ఈడుపుగల్లులో పుట్టిన సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుతో కలిసి రచించిన ‘మాభూమి’ అది. ప్రజానాట్యమండలి దళాలు దానిని ఊరూరా ఆడాయి. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. (తరువాత గౌతం ఘోష్ తీసిన ‘మాభూమి’ చిత్రానికి ఈ నాటకం ఆధారం కాదు, దానికి మూలం కిషన్ చందర్ నవల.) దీని ఇతివృత్తం తెలంగాణ రైతాంగ పోరాటం. ఆ పోరాటం 1947 నాటికి ముగియలేదు. 1951 దాకా సాగింది. నాయకుడి కార్యం భూమి అయినప్పుడు, ఆ భూమి ఇంకా దక్కనప్పుడు, రంగం మీద ఫలాగమం చూపడానికి వీలు లేదు. నాటకం ఎక్కడ ముగిసినా ప్రాప్త్యాశ దగ్గరే ముగియాలి. మిగిలిన రెండు అవస్థలు ప్రేక్షకుల చేతుల్లో పెట్టి తెర దించాలి. ఫలం లేని శిఖరం అనే భావనకు తెలుగు రంగస్థలంలో నిజమైన అవసరం ఇక్కడ కలిగింది. ‘క్లైమాక్స్’ అనే ఎరువుమాటను కేవలం పాశ్చాత్యానుకరణగా తీసివేసేవారు ఈ అవసరాన్ని గుర్తించాలి. కొన్ని రచనలకు నిచ్చెన సరైన కొలతే.

సినిమా పేజీలోని జెండా

విజయవాడ పత్రికలకూ సినిమా పంపిణీకీ కూడా కేంద్రం. 1952లో విశాలాంధ్ర, 1960లో ఆంధ్రజ్యోతి ఇక్కడి నుంచి వెలువడ్డాయి. గాంధీనగర్ పంపిణీ కార్యాలయాలకు పేరుపడింది. ఇంగ్లీషు పరిభాషకు రోజూ తెలుగు వెతకవలసిన అవసరం పత్రికలకు ఉంది. పేజీ అడ్డంగా పరిచే పెద్ద శీర్షికను ఇంగ్లీషులో బ్యానర్ అంటారు. తెలుగు పత్రికలు దానిని ‘పతాకశీర్షిక’ చేశాయి. ‘విజయపతాక ఎగరేయడం’ అంతకుముందే ఉన్న నుడి. జెండా కట్టేది కొయ్య పైకొనన. ఈ పరిసరాల్లో క్లైమాక్సుకు ‘పతాక’ కుదురుకోవడంలో ఆశ్చర్యం లేదు. శాస్త్రంలో జెండా గుర్తింపుకు చిహ్నం. పత్రికలో అది ఎత్తుకు, గెలుపుకు చిహ్నం. మాట అదే, చూసే చూపు మారింది.

రెండు అర్థాలూ ఒకచోట కలిసిన సందర్భం కూడా ఉంది. 1957లో కె.వి. రెడ్డి దర్శకత్వంలో వచ్చిన ‘మాయాబజార్’లో చివరి ఘట్టం రెండు చోట్ల నడుస్తుంది. కౌరవుల విడిదిలో మాయాశశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు లక్ష్మణకుమారుణ్ణి ముప్పుతిప్పలు పెడతాడు. అసలు శశిరేఖకు, అభిమన్యుడికి వివాహం వేరేచోట జరుగుతుంది. ప్రేక్షకుడి నవ్వు, ఉత్కంఠ అంతా మొదటి చోటే; కథాఫలం రెండవ చోట. శాస్త్రప్రకారం చూస్తే నాయకుడికి సాయపడే ఘటోత్కచుడిది పతాకావృత్తాంతం. అది విమర్శసంధి దగ్గర ఆగక నిర్వహణలోకి చొచ్చుకువచ్చి, చిత్రపు నెత్తిని ఆక్రమించింది. సినిమా పేజీల ‘పతాక సన్నివేశం’ ఈ చిత్రానికి పాత అర్థంలోనూ కొత్త అర్థంలోనూ సరిపోతుంది. శిఖరమూ ఫలమూ వేర్వేరని తెలిసిన కథనసంప్రదాయం నుంచి వచ్చినవారే ఈ చివరిఘట్టాన్ని ఇంత ధీమాగా రెండుగా చీల్చగలరు.

ఎవరి చేతికి

రంగస్థలం మీద ఈ తేడా అభిరుచికి సంబంధించినది. చరిత్రరచనలో ఇది తీర్పు అవుతుంది. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్రమహాసభతో ఊపందుకున్న ఉద్యమం 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రావతరణలో ‘కల్మినేట్’ అయిందని ఇంగ్లీషులో రాస్తే వాక్యం నిండుగా ఉంటుంది. దానిని తెలుగులో ఎలా చెప్పాలి? పరాకాష్ఠకు చేరిందంటే తారీఖు మారాలి. 1952 అక్టోబరు 19న మద్రాసులో మొదలై 58 రోజులు సాగిన పొట్టి శ్రీరాములు నిరాహారదీక్ష డిసెంబరు 15 రాత్రి ఆయన మరణంతో ముగిసింది; ఉద్యమానికి హద్దు అది, దాని ఆవల ఏదీ లేదు. నాలుగు రోజులకు, డిసెంబరు 19న, ప్రధాని నెహ్రూ లోక్‌సభలో రాష్ట్ర ఏర్పాటును ప్రకటించాడు. వరద భాషలో అది తగ్గుముఖం. 1953 అక్టోబరు 1కి తగిన మాట ‘ఫలించింది’ మాత్రమే. ఇంగ్లీషు వాక్యం ఒక మరణాన్ని దాటి ఒక వేడుక దగ్గర ఆగింది; ఆ దాటడం వాక్యంలో కనబడదు.

‘ఫలించింది’ అన్నా చిక్కు పూర్తిగా తీరదు. ఫలించడానికి తెలుగులో ‘కి’ ప్రత్యయం కావాలి: ఎవరికి? చేతికి రావడానికైతే చేయి కావాలి: ఎవరి చేతికి? మద్రాసు లేకుండా వచ్చిన రాష్ట్రం మద్రాసు కోసం పోరాడినవారికి సగం పంట. 1937 శ్రీబాగ్ ఒడంబడిక ననుసరించి రాజధాని కర్నూలుకు వెళ్లడం రాయలసీమకు మాట నిలబెట్టుకోవడం. విజయవాడ, గుంటూరు ప్రాంతంలో రాజధానిని కోరినవారికి నోటికాడి కూడు. 2014 జూన్ 2 విషయంలో ఇది మరింత స్పష్టం. తెలంగాణ ఉద్యమం ఆ రోజున రాష్ట్రావతరణలో ‘కల్మినేట్’ అయిందనే ఇంగ్లీషు వాక్యాన్ని హైదరాబాదులోనూ విజయవాడలోనూ మార్పు లేకుండా అచ్చు వేయవచ్చు. తెలుగులో అది సాధ్యం కాదు. ఒకచోట ‘అవతరణ’, ‘ఫలించింది’. మరొకచోట ‘విభజన’, ‘ముగిసింది’. ఇంగ్లీషు క్రియకు కర్త మాత్రమే ఉంటే చాలు. తెలుగు క్రియ పంట ఎవరి గాదెలోకి చేరిందో కూడా అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు రాయనిదే వాక్యం పూర్తి కాదు.